సిగ్నల్ ఎందుకు లేటయితదో లెక్కగట్టి చెప్పినోడు: హెవిసైడ్ ముచ్చట

ఉన్న నౌకరి ఇడిసిపెట్టి ఇంట్ల కూసున్న పోరన్ని మనోళ్లు ఏమంటరో మీకు ఎరుకనే. 1874ల ఇంగ్లండ్ల గసొంటి పోరడు ఒకడుండె. 24 ఏండ్లు. న్యూకాసిల్ పట్నంల సముద్రం అడుగు నుంచి పోయే టెలిగ్రాఫ్ కేబుల్ మీద పెద్ద ఆపరేటర్. జీతం మంచిదే. ఒక్కనాడు అన్నీ వదిలేసి లండన్ల అమ్మనాయిన ఇంటికొచ్చి, అర్ర తలుపు పెట్టుకొని ఒక లావు పుస్తకం ముందటేసుకున్నడు. ఆ తర్వాత ఇంకో 50 ఏండ్లు బతికిండు గానీ మళ్ల ఏ నౌకరీ చేయలె. ఆయన పేరు ఆలివర్ హెవిసైడ్.

ఈయన ముచ్చట ఇప్పుడెందుకంటే, మన పిల్లలు శానా మంది ఫైబర్ పనిల ఉన్నరు. ఐటీఐ చేసినోళ్లు, డిగ్రీ మధ్యల ఆపినోళ్లు, ఇంటర్ తప్పినోళ్లు. రోడ్డు పక్కన గుంతల కూసొని వెంట్రుక మందం గాజు పోగులు అతికిస్తరు. వాళ్ల చేతుల ఓటీడీఆర్ అనే డబ్బ ఉంటది. అది పోగులకు ఒక వెలుగు పల్స్ పంపుతది, అండ్లకెల్లి వెనక్కు తిరిగొచ్చిన వెలుగుకు ఎంత టైం పట్టిందో కొలుస్తది, కేబుల్ ఎన్ని మీటర్ల దూరంల తెగిందో చెప్తది. ఏ మీట నొక్కాల్నో నేర్పుతరు. స్క్రీన్ మీద పడ్డ నంబర్ ఎక్కడికెల్లి వచ్చిందో మాత్రం ఎవ్వరూ నేర్పరు. అడిగితే అది ఇంజినీర్ల పని, నీకెందుకు అంటరు. నాకు మండేది ఈ మాటకాడనే. హెవిసైడ్‌కు కూడా గదే మాట చెప్పిండ్రు. చెప్పింది చిన్నోళ్లు కాదు, బ్రిటిష్ పోస్టాఫీసుల ఎలక్ట్రిక్ వ్యవహారమంతా చూసే పెద్ద అధికారి.

1850 మే 18న లండన్ల క్యామ్డెన్ టౌన్‌ల పుట్టిండు. నాయిన థామస్, కట్టె మీద బొమ్మలు చెక్కి అచ్చుకిచ్చేటాయన. నలుగురు కొడుకులల్ల ఆలివర్ ఆఖరోడు. గరీబోళ్ల గల్లీ. చిన్నప్పుడే స్కార్లెట్ ఫీవర్ వచ్చి చెవులు సగం పోయినయ్. గల్లీల పిల్లలు ఏమంటున్నరో సరిగ్గ వినరాదు, ఆటల కలువలేడు. అట్ల ఒంటరితనం అలవాటైంది. బడిల మాత్రం చురుకు. 1865ల పరీక్ష రాస్తే 500 మందిల ఐదో నంబరు. అయినా 16 ఏండ్లకే బడి బందయింది. కాలేజీ మెట్టు ఎక్కలె.

ఒక సంగతి దాచకుండ చెప్పాలె. ఆయనకు ఆసరా ఎవ్వరూ లేరనుకోకండి. టెలిగ్రాఫ్ కనిపెట్టినోళ్లల్ల ఒకడైన చార్లెస్ వీట్‌స్టన్ ఈయన అమ్మ తోడబుట్టినామె పెనిమిటి. ఆ చుట్టం అండతోనే అన్న ఆర్థర్, ఈయన ఇద్దరూ టెలిగ్రాఫ్ పనిల పడ్డరు. ఒంటరిగ పైకొచ్చిన వీరుడు అని కథ అల్లితే సదువనీకి మంచిగుంటది గానీ అబద్ధమైతది. ఎవరో ఒకరు తలుపు తెరవాలె. లోపలికి పోయినంక ఏం చేసిండన్నది ఆయన సొంతం.

1868ల, 18 ఏండ్లకు, డెన్మార్క్ పోయిండు. అప్పుడే ఇంగ్లండ్ తూర్పు ఒడ్డుకు, డెన్మార్క్ పడమటి ఒడ్డుకు నడుమ సముద్రం అడుగున కేబుల్ ఏసిండ్రు. ఫ్రెడెరిసియా అనే ఊర్ల ఆపరేటర్ నౌకరి. రెండేండ్ల తర్వాత అదే లైన్ అవతలి కొస, న్యూకాసిల్‌కు మారిండు. పగలు మోర్స్ కొట్టుడు, కేబుల్ తెగితే ఎక్కడ తెగిందో కొలతలతోని పట్టుడు, రాత్రి గణితం సదువుకునుడు. తెగిన జాగ పట్టనీకి అప్పుడు ఓటీడీఆర్ లేదు. ఒడ్డున కూసొని తీగ రెసిస్టెన్స్ కొలిచి, మైలుకు ఇంత అని భాగిస్తే తెగిన దూరం వస్తుండె.

ఇక్కడ జర ఆగి ఆ కేబుల్ కష్టం ఏందో తెలుసుకోవాలె. అది తెల్వకుంటే ఈయన చేసిన పని అర్థం కాదు.

చెరువు తూము యాది చేసుకోండి. తూము దగ్గర తలుపు ఒక్కసారి లేపి, వెంటనే దించిండ్రనుకుందాం. తూము కాడ నీళ్లు ఒక్కసారి ఉరికి ఒక్కసారి ఆగుతయ్. ఆఖరి పొలం కాడ అట్ల జరగదు. కాలువ తడిసి, నిండి, నీళ్లు మెల్లగ వస్తయ్, మెల్లగ పెరుగుతయ్, ఇంకా మెల్లగ తగ్గుతయ్. అవి తగ్గకముందే మల్ల తూము లేపితే రెండో విడత మొదటిదాంట్ల కలిసిపోతది. కొసకున్న రైతుకు ఎన్నిసార్లు లేపిండ్రో తెల్వది. సముద్రం కేబుల్ల కరెంటు సంగతి అచ్చం గిట్లనే. నడుమ రాగి తీగ, సుట్టూ రబ్బరు లెక్క ఉండే గట్టాపర్చా పొర, దాని అవతల ఉప్పు నీళ్లు. ఆ తీగ మొదలు తన కడుపు నింపుకొని, తర్వాతనే కొసకు ఇస్తది. ఈ నింపుకునే గుణాన్నే కెపాసిటెన్స్ అంటరు.

1858ల అట్లాంటిక్ సముద్రం కింద మొదటి కేబుల్ ఏసినప్పుడు విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునికి పంపిన 98 పదాల సందేశం పోవనీకి 16 గంటలకు పైనే పట్టింది. జల్ది పోవాలెనని వైట్‌హౌస్ అనే ఎలక్ట్రీషియన్ వోల్టేజీ పెంచి పెంచి కేబుల్‌నే కాల్చిండు. కొన్ని వారాలకే అది మూగబోయింది. అంతకు ముందే విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, లెక్కగట్టి చెప్పిండు: కేబుల్ పొడుగు రెండింతలైతే ఆలస్యం రెండింతలు కాదు, నాలుగింతలైతదని. వైట్‌హౌస్ ఒప్పుకోలె. అప్పటికి ఆ కొట్లాట అట్ల తీరింది.

ఇగ డెన్మార్క్ లైన్‌కొద్దాం. అందులో ఆపరేటర్లందరికీ తెలిసిన విచిత్రం ఒకటుండె. ఒక దిక్కు నుంచి పంపితే సందేశం జల్ది పోతది, ఇంకో దిక్కు నుంచి పంపితే మెల్లగ. అదే కేబుల్, అదే రాగి, అదే సముద్రం. పోవుడు ఒక తీరు, రావుడు ఒక తీరు ఎట్లయితది? మిగిలినోళ్లు అదంతే అని ఊకున్నరు. హెవిసైడ్ ఊకోలె. లెక్క చేసి చూసిండు. గుట్టు కేబుల్ల లేదు, కొసలకున్నది. ఒక ఒడ్డున ఆఫీసు దాక పోయే నేల తీగ పొట్టిది, ఇంకో ఒడ్డున పొడుగుది. పంపే యంత్రం రెసిస్టెన్స్ ఒక తీరు, అందుకునే యంత్రానిది ఒక తీరు. కేబుల్‌కు అటూ ఇటూ కలిపిన వాటి బరువు సమానం లేదు గనుక ఆలస్యం కూడా సమానం లేదు. దీన్ని 1877ల వ్యాసంగ అచ్చేయించిండు.

ఇది పాత కాలం సంగతి అనుకోకండి. ఇయ్యాల ఫైబర్‌ల ఆలస్యాన్ని కొలిచేటోళ్లకు పెద్ద తలనొప్పి ఇదే. వెలుగు ఖాళీల సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు ఉరుకుతది. గాజుల సుమారు 2 లక్షల 4 వేలు. అంటే కిలోమీటరుకు 4.9 మైక్రోసెకండ్లు. నానోసెకండు అంటే సెకనుల వంద కోట్లవ వంతు, ఫైబర్ లెక్కల అది జానెడు పొడుగు. రెండు ఊర్ల గడియారాలు నానోసెకండు తేడా లేకుండ కలపాలంటే నడుమ ఫైబర్‌ల ఆలస్యం ఎంతో తెల్వాలె. ఎట్ల కొలుస్తరు? సిగ్నల్ పంపి, అటు నుంచి తిరిగి రప్పించి, మొత్తం టైంను సగం చేస్తరు. ఈ సగం చేసుడు నిజం కావాలంటే పోయే తొవ్వ, వచ్చే తొవ్వ సమానం ఉండాలె. పోయే పోగు కన్న వచ్చే పోగు 10 మీటర్లు పొడుగున్నా 49 నానోసెకండ్ల తేడా. సగం చేస్తే గడియారం దాదాపు 25 నానోసెకండ్లు తప్పు చూపిస్తది. ఒకే పోగుల రెండు రంగుల వెలుగు పంపినా, రంగు రంగుకు వేగం వేరు గనుక మల్ల తేడా. ఎండకు గాజు గుణం మారితే అదొక తేడా: 1 డిగ్రీ వేడి పెరిగితే కిలోమీటరుకు సుమారు 40 పికోసెకండ్లు. పికోసెకండు అంటే నానోసెకండుల వెయ్యో వంతు.

కొసల సంగతి ఎంత దూరం పోతదంటే, 2011ల యూరప్‌ల ఒపేరా అనే ప్రయోగం నడిచింది. స్విట్జర్లాండ్‌ల సెర్న్ నుంచి ఇటలీల గ్రాన్ సాసో కొండ కిందికి, 730 కిలోమీటర్ల దూరం, న్యూట్రినో కణాలు పంపిండ్రు. అవి వెలుగు కన్న 60 నానోసెకండ్లు ముందే వచ్చినట్టు లెక్క తేలింది. ఐన్‌స్టీన్ తప్పని దునియా మొత్తం పేపర్లల్ల వచ్చింది. 2012ల బయటపడ్డ అసలు కారణం ఏందంటే, జీపీఎస్ టైంను కొండ కిందికి తెచ్చే ఫైబర్ కనెక్టర్ ఒకటి పూర్తిగ బిగించలె. వదులుండేసరికి వెలుగు తక్కువొచ్చి, అవతల దాన్ని గుర్తుపట్టే యంత్రం లేటుగ మేల్కొన్నది. అంతకాడికే 70 నానోసెకండ్ల పైన తేడా. దానికి ఎదురు దిక్కు నడిచే గడియారం తప్పు ఇంకొకటి కలిసి ఆఖరికి 60 మిగిలింది. మన ఊరి పోరడు జాయింట్ బాక్సుల రోజూ బిగించే కనెక్టర్ అసొంటిదే అది.

పోయిన ఎండకాలం మా మండలంల జేసీబీ తగిలి ఫైబర్ తెగింది. బాగు చేసే పిల్లలతోని నేను కూడా పోయిన. ఓటీడీఆర్ నాలుగు కిలోమీటర్ల చిల్లర చూపెట్టింది. బండి మీటర్ చూసుకుంట అక్కడికి పోతే భూమి మంచిగనే ఉంది. అండ్ల ఒక పిల్లగాడు, డిగ్రీ రెండో ఏడు ఆపినోడు, వెనక్కు నడిచి దార్ల ఉన్న ఛాంబర్లు లెక్కపెట్టిండు. ఒక్కో ఛాంబర్‌ల రేపటి అవసరానికని చుట్ట చుట్టి పెట్టిన కేబుల్ ఉంటది. డబ్బ కొలిచేది పోగు పొడుగు, రోడ్డు పొడుగు కాదు. చుట్టలన్నీ తీసేస్తే తెగిన జాగ కనిపించింది. గాజు గుణం నంబర్ డబ్బల 1.47 బదులు 1.46 పెట్టినా నాలుగు కిలోమీటర్లల్ల 27 మీటర్ల తేడా వస్తదని ఆ పిల్లగాడే నాకు చెప్పిండు. ఎవరు నేర్పిండ్రని అడిగిన. తవ్వి తవ్వి తెలుసుకున్నడట. హెవిసైడ్ న్యూకాసిల్‌ల చేసింది కూడా గిదే.

1873ల వీట్‌స్టన్ బ్రిడ్జి అనే కొలత సాధనాన్ని ఎట్ల అమరిస్తే కొలత మంచిగ వస్తదో ఒక వ్యాసం రాసిండు. 22, 23 ఏండ్ల ఆపరేటర్ రాసిన ఆ కాయితం మీద కెల్విన్ కన్ను పడ్డది, మ్యాక్స్‌వెల్ కన్నూ పడ్డది. ఆ ఏడాదే మ్యాక్స్‌వెల్ రాసిన కరెంటు, అయస్కాంతాల మహా గ్రంథం అచ్చయింది. హెవిసైడ్ దాన్ని తిరగేసిండు. ఒక్క ముక్క అర్థం కాలె. బడిల నేర్చిన బీజగణితం, త్రికోణమితి తప్ప చేతుల ఏం లేదు. కానీ అండ్ల ఏదో పెద్దదున్నదని తెలిసింది. నౌకరి ఇడిసింది అందుకే. ఏండ్ల తరబడి సదివిండు. సదివినంక మ్యాక్స్‌వెల్ తొవ్వ పక్కకు పెట్టి తన తొవ్వ ఏసుకున్నడు. మ్యాక్స్‌వెల్ 20 సమీకరణాలల్ల చెప్పినదాన్ని 1884, 85 నాటికి 4 సమీకరణాలకు తెచ్చిండు. ఇయ్యాల బీటెక్ పిల్లలు మ్యాక్స్‌వెల్ సమీకరణాలని బట్టీ పట్టేవి అవే. రాసింది హెవిసైడ్. ఇండక్టెన్స్, ఇంపీడెన్స్ అనే మాటలు పుట్టించింది కూడా ఆయననే.

అమ్మనాయిన తిండి పెట్టిండ్రు. ఎలక్ట్రీషియన్ అనే వారపత్రికల రాసుకుంట ఏడాదికి 40 పౌండ్లు సంపాదించిండు. అంతే.

ఇగ అసలు కొట్లాట. 1880ల నాటికి టెలిఫోన్ వచ్చింది. టెలిగ్రాఫ్‌ల చుక్క, గీత పోతే చాలు. ఫోన్ల మనిషి గొంతు పోవాలె. గొంతుల సన్న స్వరాలుంటయ్, లావు స్వరాలుంటయ్. పొడుగు తీగల సన్న స్వరం ముందు ఉరుకుతది గానీ నడుమనే చస్తది. లావు స్వరం వెనకబడ్డా బతికి వస్తది. ముక్కలు ఏరేరుగ వచ్చేసరికి అవతలోనికి గుర్రుగుర్రుమని వినిపిస్తది. కొంచెం దూరం దాటితే మాట ఆనవాలు పట్టరాదు.

మొత్తం ఎంత లేటయిందన్నదొక్కటే లెక్క కాదు. అన్ని ముక్కలు ఒక్క తీరు లేటయితే బాధ లేదు, సందేశం లేటుగ వచ్చినా నిండుగ వస్తది. ముక్క ముక్కకు ఆలస్యం వేరైతేనే చెడుతది. అంతకు ముందు ఎవ్వరూ ఇంత తేటగ చెప్పలె.

మందు కూడా ఆయననే చెప్పిండు. తీగకు నాలుగు గుణాలు: కరెంటును ఆపే రెసిస్టెన్స్, పక్కకు కారే లీకు, కడుపు నింపుకునే కెపాసిటెన్స్, కదిలితే ఆగనియ్యని ఇండక్టెన్స్. ఇండక్టెన్స్‌ను రెసిస్టెన్స్‌తో భాగిస్తే ఎంతొస్తదో, కెపాసిటెన్స్‌ను లీకుతో భాగిస్తే అంతే రావాలె. అట్ల కుదిరితే అన్ని స్వరాలు ఒకే వేగంతోని పోతయ్, ఒకే తీరు తగ్గుతయ్. మామూలు తీగలల్ల ఇండక్టెన్స్ శానా తక్కువ. అందుకే దాన్ని పెంచాలె, తొవ్వ పొంటి అక్కడక్కడ తీగ చుట్టలు కలపాలె అన్నడు. సన్న దారం పట్టుకొని ఊపి చూడండి, అల రెండు గజాలు పోదు. గౌండ్లాయన మోకు పట్టుకొని ఊపండి, కొస దాక పోతది. బరువే అలను మోస్తది. ఇండక్టెన్స్ తీగకు ఆ బరువు.

పోస్టాఫీసు అధికారి విలియం ప్రీస్‌కు ఈ మాట ముల్లు లెక్క గుచ్చుకున్నది. ఇండక్టెన్స్ ఫోన్‌కు శత్రువు, దాన్ని తగ్గించాలె అని ఆయన అందరికీ చెప్పుకుంట తిరుగుతుండె. దేశం మొత్తం లైన్లు ఆయన చేతుల. ఈ పోరడేమో అదే పెంచాలె అంటున్నడు. ప్రీస్ పని తెలువనోడు కాదు. ఎన్నో ఏండ్ల అనుభవం ఉన్నోడు. తర్వాత మార్కోనీ రేడియోకు అండగ నిలబడ్డది కూడా ఆయననే. కానీ గణితమంటే ఆయనకు చులకన. చూసిన నాలుగు లైన్ల కొలతల మీద ఒక సూత్రం కట్టి, అదే అన్నిటికీ వర్తిస్తదన్నడు. హెవిసైడ్ అది తప్పని లెక్కతోని చూపెట్టిండు. ఎగతాళి కూడా చేసిండు, అది ఆయన బలహీనత.

1887ల అన్న ఆర్థర్‌తోని కలిసి టెలిఫోన్ లైన్ల మీద ఒక వ్యాసం రాసిండు. ఆర్థర్ పోస్టాఫీసు ఇంజినీరు గనుక అచ్చేయాలంటే ప్రీస్ అనుమతి కావాలె. ప్రీస్ ఇయ్యలె. ఆ ఏడాదే అక్టోబర్‌ల ఎలక్ట్రీషియన్ పత్రిక నుంచి, హెవిసైడ్‌కు అండగున్న ఎడిటర్ బిగ్స్‌ను తీసేసిండ్రు. కొత్త ఎడిటర్ వచ్చి, సదివేటోళ్లు లేరని హెవిసైడ్ వ్యాసాలు బంద్ చేసిండు. ఇంకో పత్రిక కూడా ఆయన కాయితాలు తిప్పి పంపింది. ఏడాదికి ఆ 40 పౌండ్లు పోయినయ్, మాట్లాడే నోరూ పోయింది. ఎవ్వరూ జైల్ల ఎయ్యలె, కొట్టలె. ఒక సంతకం పెట్టకపోతే చాలు. గిది మన మండలాఫీసు మెట్లెక్కిన ఎవ్వరికైనా అర్థమైతది.

ఆయన్ని గెలిపించింది ఏ పెద్దమనిషి దయనో కాదు, కొలతలు. 1888ల జర్మనీల హెర్ట్‌జ్ కరెంటు అలలను ప్రయోగంల పట్టుకున్నడు. ఇంగ్లండ్‌ల ఆలివర్ లాడ్జ్ తీగల మీద అలల పొడుగు కొలిచిండు. ఇద్దరి ఫలితాలూ హెవిసైడ్ కాయితాల మీద లెక్కలతోని కలిసినయ్. 1889 జనవరిల కెల్విన్, ఇంజినీర్ల సంఘం అధ్యక్షుని హోదాల, నిండు సభల హెవిసైడ్ పేరు తీసి మెచ్చుకున్నడు. 1891ల రాయల్ సొసైటీ సభ్యునిగ తీసుకున్నది. గదే సొసైటీ మూడేండ్లకు ఆయన గణితం పద్ధతిగ లేదని వ్యాసం ఒకటి అచ్చేయ నిరాకరించింది. ఆ పద్ధతులే తర్వాత ఇంజినీర్లకు రోజువారీ పనిముట్లయినయ్.

పైసల ముచ్చట ఇంకా చేదు. తీగ చుట్టల ఉపాయానికి హెవిసైడ్ పేటెంట్ తీసుకోలె. అమెరికాల మైకేల్ ప్యూపిన్ అనే ప్రొఫెసర్, సెర్బియా పల్లె నుంచి వలస పోయినాయన, చుట్టలు ఎంతెంత దూరంల పెట్టాల్నో లెక్కగట్టి పేటెంట్ పట్టిండు. ఏటీ అండ్ టీ కంపెనీ ఆయనకు మొత్తం మీద 4 లక్షల డాలర్ల పైచిలుకు ఇచ్చింది. ఆ కంపెనీలనే జార్జ్ క్యాంప్‌బెల్ ఇదే పని చేసి ఉండె, పేటెంట్ తగాదాల ఆయన ఓడిపోయిండు. వందల మైళ్ల ఫోన్ లైన్లు ఆ చుట్టల మీద నిలబడ్డయ్. హెవిసైడ్‌కు ఒక్క పైస రాలె. ఇంకో చిత్రం: 1902ల డెన్మార్క్ ఇంజినీరు క్రారూప్, రాగి తీగ చుట్టూ సన్న ఇనుప తీగ చుట్టి ఇండక్టెన్స్ పెంచిన సముద్రం కేబుల్‌ను డెన్మార్క్, స్వీడన్ నడుమ ఏసిండు. హెవిసైడ్ మొదలు మోర్స్ కొట్టిన దేశంలనే ఆయన మాట నీళ్లల్ల దిగింది.

ఫైబర్‌ల కూడా ముక్కల ఆలస్యం పీడ పోలె. మామూలు పోగుల, దూరం లైన్లకు వాడే 1550 నానోమీటర్ల వెలుగు దగ్గర, నానోమీటరు రంగు తేడాకు కిలోమీటరుకు 17 పికోసెకండ్ల చొప్పున పల్స్ సాగుతది. 100 కిలోమీటర్లు పోతే 1,700 పికోసెకండ్లు. సెకనుకు 1,000 కోట్ల బిట్లు పంపే లైన్‌ల ఒక్క బిట్ నిడివి 100 పికోసెకండ్లే. అంటే ఒక్క పల్స్ 17 బిట్ల జాగల పూసుకుపోతది. అందుకే ఉల్టా గుణమున్న ఫైబర్ కలిపో, కొసకు కంప్యూటర్ చిప్‌తోని లెక్క చేసో దాన్ని మల్ల సరి చేస్తరు. చెడగొట్టే గుణానికి ఎదురు గుణం జోడించి సరిదిద్దుడు, 1887ల పోస్టాఫీసు ఆపిన ఉపాయమే.

1889ల అమ్మనాయినతోని డెవన్ జిల్లాల పెయింటన్‌కు పోయిండు, అన్న చార్లెస్ సంగీత వాయిద్యాల దుకాణం పైన ఉండనీకి. 1894ల అమ్మ పోయింది, 1896ల నాయిన. దోస్తులు చందాలు వేసి పైసలు ఇప్పిస్తమంటే, భిక్షం తీసుకోనని తిప్పి కొట్టిండు. 1896ల సర్కారు పెన్షన్ ఏడాదికి 120 పౌండ్లు ఇస్తే, అది దానం కాదు గౌరవమని నచ్చజెప్పి ఒప్పించాల్సి వచ్చింది. ఇంటర్నెట్‌ల ఈయన్ని దేవున్ని చేసేటోళ్లున్నరు. నేనైతే చెయ్య. 1908 నుంచి టార్కీ పట్నంల మేరీ వే అనే వదినె చెల్లెలి ఇంట్ల ఉన్నడు. ఆమె ఇంట్లనే ఉండుకుంట, ఆమెనే బయటికి పోనియ్యకుండ కట్టడి చేసిండు. ఆఖరికి ఇల్లు ఇడిసిపోయింది ఆమెనే. పెద్ద బుర్ర పక్కన బతికిన ఆడోళ్ల లెక్క ఎవ్వరూ రాయరు గనుక ఇక్కడ రాస్తున్న. తర్వాత ఒంటరైండు. గ్యాస్ బిల్లు కట్టలేక కంపెనీ గ్యాస్ బంద్ పెడితే సలిల వణికిండు. కుర్చీల బదులు రాతి దిమ్మెలు తెచ్చి ఇంట్ల పెట్టుకున్నడని చెప్తరు. 1922ల ఇంజినీర్ల సంఘం ఫారడే మెడల్ పెట్టి, అందరికన్న మొదలు ఆయనకే ఇచ్చింది. సభకు రానంటే ఇంటికే తెచ్చి ఇచ్చిండ్రు.

ఇంకొక్క ముచ్చట మిగిలింది. 1902ల ఒక విజ్ఞానకోశానికి రాసుకుంట, ఆకాశంల పైన కరెంటు పారే పొర ఉండొచ్చు, రేడియో అలలు దానికి తగిలి భూమి వంపు దాటి పోతుండొచ్చు అన్నడు. అదే ఏడాది అమెరికాల కెనెలీ కూడా అదే అన్నడు. 20 ఏండ్లు అది ఊహనే. 1924 డిసెంబర్‌ల ఆపిల్టన్, బార్నెట్ అనే ఇద్దరు బోర్న్‌మౌత్ రేడియో స్టేషన్ సిగ్నల్‌ను ఆక్స్‌ఫర్డ్‌ల పట్టి, పైనకెల్లి తిరిగొచ్చే అల ఉన్నదని చూపెట్టిండ్రు. హెవిసైడ్ నిచ్చెన మీదికెల్లి పడి దెబ్బలు తిన్నడు. 1925 ఫిబ్రవరి 3న టార్కీల కన్నుమూసిండు. పెయింటన్ శ్మశానంల అమ్మనాయిన పక్కనే పెట్టిండ్రు.

అదే ఏడాది ఎండకాలంల అమెరికాల బ్రైట్, ట్యూవ్ అనే ఇద్దరు ఆ పొర మీదికి రేడియో పల్స్‌లు కొట్టిండ్రు. ఒక పల్స్ నేల మీదికెల్లి నేరుగ వచ్చింది. దాని వెనకనే ఇంకొకటి, పైన తగిలి తిరిగొచ్చింది. రెండిటి నడుమ ఆలస్యం సెకనుల వెయ్యో వంతుకు అటూ ఇటూ. ఆ ఆలస్యం కొలిచి పొర ఎంత ఎత్తుల ఉన్నదో లెక్కగట్టిండ్రు. పల్స్ పంపుడు, తిరిగొచ్చిన టైం చూసుడు, దూరం తేల్చుడు. రోడ్డు పక్కన గుంతల కూసున్న పిల్లగాని చేతుల డబ్బ చేసేది అదే.